క్రూజ్ షిప్‌లో డిన్నర్‌కి ఏం వేసుకోవాలి? సూటు లేనివాళ్ళకి నా జవాబు

కొనకండి. ముందు ఆ ఒక్క మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్న మొత్తం చదివితే అసలు టెన్షన్ అదేనని తెలిసిపోతోంది. ఏడు రాత్రుల క్రూజ్, వెళ్ళడం మొదటిసారి, మీ వారికి సూటు లేదు, కంపెనీ పంపిన వివరాల్లో రెండు ఫార్మల్ నైట్స్ (డిన్నర్‌కి ముస్తాబై రావాల్సిన రాత్రులు) అని ఉంది, కోటు లేకపోతే డిన్నర్ హాల్లోకి రానివ్వరేమో, అందరి ముందూ వెనక్కి పంపేస్తారేమో అని భయం. కంపెనీ పేరు మీరు రాయలేదు, జవాబు సగానికి పైగా దాని మీదే ఆధారపడుతుంది. కాబట్టి అన్ని రకాలూ చెబుతాను, మీది ఏదో చూసుకుని మిగతాది వదిలేయండి. నేను కొన్నేళ్ళు ఓడల్లో రెస్టారెంట్ విభాగంలో పనిచేశాను, సాయంత్రం పూట తలుపు దగ్గర నిలబడి ఎవరిని లోపలికి పంపాలో, ఎవరికి మెల్లగా నచ్చజెప్పాలో చూసుకోవడం కూడా నా పనిలో ఉండేది. ఇప్పుడు ప్రయాణికుడిగా వెళ్తున్నాను.

ఓడలో డిన్నర్ అంటే ఒక్క చోట కాదు. మెయిన్ డైనింగ్ రూమ్ అని పెద్ద హాలు ఉంటుంది, అక్కడ కూర్చుంటే వడ్డిస్తారు, దాని ఖర్చు టికెట్‌లోనే కలిసి ఉంటుంది. పై డెక్ మీద బఫే ఉంటుంది. అదనంగా డబ్బు కట్టి వెళ్ళే స్పెషాలిటీ రెస్టారెంట్లు కొన్ని ఉంటాయి. ఇవేవీ వద్దనుకుంటే చాలా ఓడల్లో గదికే తెప్పించుకోవచ్చు. డ్రెస్ కోడ్ అని మీరు చదివినదంతా చాలా కంపెనీల్లో ఆ పెద్ద హాలుకీ, కొన్ని స్పెషాలిటీ రెస్టారెంట్లకీ మాత్రమే వర్తిస్తుంది. బఫేకి తడి బట్టలతో వెళ్ళకుండా, కాళ్ళకి ఏదో ఒకటి తొడుక్కుని వెళ్తే చాలు, ఫార్మల్ నైట్ రోజైనా సరే. అంటే బట్టల కారణంగా పస్తు పడుకునే పరిస్థితి ఏ ఓడలోనూ రాదు.

ఇక కంపెనీల సంగతి. ఆన్‌లైన్‌లో దొరికే సలహాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి, ఒకరు టక్సీడో (బో టైతో వేసుకునే నల్ల విందు సూటు) లేకుండా వెళ్ళొద్దంటారు, ఇంకొకరు నేను వారమంతా జీన్స్‌లోనే తిరిగాను అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎక్కిన ఓడలు వేరు, అంతే.

అన్నిటికంటే పట్టింపు ఎక్కువ ఉన్నది కునార్డ్‌లో. క్వీన్ మేరీ 2 వాళ్ళదే. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఏడు రాత్రుల్లో అట్లాంటిక్ దాటే ఓడ అది, అందులో మామూలుగా రెండు గాలా ఈవెనింగ్స్ ఉంటాయి. ఆ రాత్రులు మగవాళ్ళు టక్సీడో గానీ, టైతో ముదురు రంగు సూటు గానీ వేసుకోవాలి, ఆడవాళ్ళు ఈవెనింగ్ గౌనో, కాక్‌టెయిల్ డ్రెస్సో, మంచి ట్రౌజర్ సూటో. పైగా అక్కడ ఈ నియమం భోజనాల హాలుకి మాత్రమే కాదు, సాయంత్రం ఆరు దాటాక ఓడలో చాలా భాగానికి వర్తిస్తుంది. తయారవ్వడం ఇష్టం లేనివాళ్ళకి బఫే, పబ్ లాంటి కొన్ని చోట్లు మాత్రం వదిలిపెడతారు. మీరు బుక్ చేసింది ఇదే అయితే నా మొదటి మాట కొంచెం మార్చుకుంటాను: అప్పుడు కూడా కొనకండి, ఒక ముదురు సూటు అద్దెకో అరువుకో తెచ్చుకోండి. చాలామంది ఆ ఓడ ఎక్కేదే ఆ ముస్తాబు కోసం, అక్కడికి వెళ్ళి ఇదెందుకు అదెందుకు అని వాదించడంలో అర్థం లేదు.

మధ్యలో ఉన్నవి పెద్ద కంపెనీలు, బహుశా మీది వీటిలో ఒకటి. కార్నివాల్‌లో దీన్ని ‘క్రూజ్ ఎలిగెంట్’ అంటారు, 2 నుంచి 5 రోజుల ప్రయాణంలో ఒక రాత్రి, 6 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే రెండు రాత్రులు. మిగతావన్నీ ‘క్రూజ్ క్యాజువల్’, అంటే మామూలు రాత్రులు. సెలబ్రిటీ వాళ్ళు ఫార్మల్ అన్న పేరే తీసేసి ‘ఈవెనింగ్ చిక్’ అని పెట్టారు. రాయల్ కరీబియన్, ఎమ్మెస్సీ లాంటి వాటిలో కూడా వారం ప్రయాణానికి ఒకటో రెండో ఇలాంటి రాత్రులు ఉంటాయి. పేర్లు చూసి కంగారు పడకండి. ఈ కంపెనీల్లో ఫార్మల్ నైట్ అంటే ఆచరణలో ‘బాగా తయారై రండి’ అని అర్థం. కాలర్ ఉన్న మంచి షర్టు, ఇస్త్రీ చేసిన ప్యాంటు, బూట్లు, ఇంతవరకు ఉంటే హాల్లోకి వెళ్ళొచ్చు. కోటు ఉంటే ఫొటోలు బాగా వస్తాయి, లేకపోతే ఎవరూ ఆపరు. హాల్లో కూర్చుని చుట్టూ చూస్తే టక్సీడోలు అక్కడక్కడా కనిపిస్తాయి, సూట్లు ఇంకొన్ని, ఎక్కువమంది షర్టూ ప్యాంటులోనే.

ఏ బాదరబందీ లేనివి మూడో రకం. నార్వీజియన్ క్రూజ్ లైన్ 2000లోనే ఫ్రీస్టైల్ అనే పద్ధతి తెచ్చింది, తప్పనిసరిగా ముస్తాబవ్వాల్సిన రాత్రులు వాళ్ళకి లేవు. వర్జిన్ వాయేజెస్‌లో డ్రెస్ కోడే లేదు, ఒక రాత్రి మాత్రం అందరూ ఎర్ర బట్టల్లో వస్తారు, అది సరదా కోసం. వైకింగ్, ఓషియానియా, విండ్‌స్టార్‌లలో కూడా ఫార్మల్ నైట్స్ లేవు. అలాగని వైకింగ్, ఓషియానియాలకి టీషర్టూ షార్ట్సుతో వెళ్తే ఇబ్బందే. అక్కడికి వచ్చేవాళ్ళు ప్రతి రాత్రీ ఒక మోస్తరు నీటుగా, కాలర్ షర్టు, ప్యాంటు, డ్రెస్సు స్థాయిలో ఉంటారు. ఒక రాత్రి కోటు వేసి మిగతా రాత్రులు ఎలా పడితే అలా ఉండటం కంటే ఈ పద్ధతే నాకు నచ్చుతుంది, సామాను కూడా తగ్గుతుంది. నదుల్లో తిరిగే చిన్న ఓడలకి, అంటార్కిటికా వైపు వెళ్ళే వాటికి అయితే ఈ చర్చే అనవసరం, స్వెటర్‌తో భోజనానికి వచ్చేస్తారు.

తలుపు దగ్గర నిలబడ్డవాడు ఏం చూస్తాడో చెబుతాను, దాంతో మీ అనుమానాలు చాలావరకు తీరతాయి. పైనుంచి చూడడు, కింద నుంచి చూస్తాడు. ముందు కాళ్ళు: హవాయి చెప్పులా, కాదా. తర్వాత మోకాళ్ళు: ఈత షార్ట్సో, జిమ్ షార్ట్సో, చింపిరి జీన్సో వేసుకున్నారా. ఆ తర్వాత భుజాలు: మగవాళ్ళు చేతుల్లేని బనియన్ లాంటిది వేసుకొచ్చారా. చివరికి తల మీద టోపీ. ఈ నాలుగిటిలో ఏదీ లేకపోతే అతని చూపు మీ వెనకాల ఉన్నవాళ్ళ మీదికి వెళ్ళిపోతుంది. మీ కోటు ఏ బ్రాండు, టై ఉందా లేదా, డ్రెస్సు పొడవెంత అని లెక్కలు వేసే తీరిక అతనికి ఉండదు, ఎందుకంటే పావుగంటలో కొన్ని వందల మందిని కూర్చోబెట్టాలి. నిజం చెప్పాలంటే సిబ్బందికి ఎవరినైనా ఆపడం అంటే మహా ఇబ్బంది, ఆ మనిషి సెలవుకొచ్చి డబ్బు కట్టి నిలబడ్డాడు, అతనికి చెప్పాల్సింది మీ చెప్పులు బాలేవని. అందుకే కాస్త అటూ ఇటూ ఉన్నా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. షార్ట్సు విషయంలో మాత్రం కంపెనీని బట్టి తేడా ఉంది, కార్నివాల్ లాంటి చోట మామూలు రాత్రుల్లో నీటైన షార్ట్సు ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ససేమిరా అంటారు. అనుమానం ఉంటే ప్యాంటు వేసుకోవడమే సుఖం.

మీ వారికి, కునార్డ్ కాదనుకుని చెబుతున్నాను: ఒక నల్ల ప్యాంటు, ఒక నేవీ బ్లూ లేదా బూడిద రంగు ప్యాంటు, పొడుగు చేతుల షర్టులు రెండు, అందులో ఒకటి తెల్లది, కాలర్ టీషర్టులు రెండు మూడు. ఒక జత నల్ల తోలు బూట్లు. ఇంట్లో బ్లేజర్ ఏదైనా ఉంటే దాన్ని పెట్టెలో కుక్కకుండా విమానంలోనే తొడుక్కుని వెళ్ళమనండి. దానికి పెట్టెలో చోటు అక్కర్లేదు, విమానంలో చలికి పనికొస్తుంది, జేబుల్లో పాస్‌పోర్టులు ఉంటాయి. ముదురు రంగు ప్యాంటు మీద తెల్ల షర్టూ, దాని మీద ఆ బ్లేజరూ వేస్తే ఫార్మల్ నైట్ గడిచిపోయినట్టే. టై ఒకటి పెట్టెలో పడేసుకుంటే బరువేమీ కాదు. ముదురు రంగు, చిరుగులు లేని జీన్స్ మామూలు రాత్రుల్లో చాలా ఓడల్లో నడుస్తాయి. బాగా తయారవ్వాలని ఆయనకే సరదా పుడితే అది వేరే సంగతి, కొన్ని కంపెనీల ప్రయాణికులకి ముందే ఆర్డర్ ఇస్తే అద్దె టక్సీడో నేరుగా గదికే వచ్చే ఏర్పాటు ఉండేది, మీ కంపెనీలో ఇప్పుడు ఉందేమో అడగండి, ఉంటే కొలతలు సరిగ్గా పంపాలి అంతే.

మీకు ఇంకా సులభం. ఆడవాళ్ళ విషయంలో నియమాలు రాతలోనే వదులుగా ఉంటాయి. నల్ల ప్యాంటు లేదా నల్ల పొడుగు స్కర్టు ఒకటి, దాని మీదికి మూడు నాలుగు టాప్‌లు, అందులో ఒకటి కాస్త మెరిసేది, ఒక మంచి డ్రెస్సు. నేల దాకా గౌను ఎవరూ అడగరు, మోకాళ్ళ దాకా ఉన్న డ్రెస్సు ఫార్మల్ నైట్‌కి శుభ్రంగా సరిపోతుంది. ఏ దేశపు సంప్రదాయ దుస్తులైనా పండగకి కట్టుకునే స్థాయిలో ఉంటే గాలా రాత్రికి కూడా గౌరవంగా చెల్లుతాయి, వాటిలో మీకు సౌకర్యం ఎక్కువ అనిపిస్తే గౌను గురించి ఆలోచించడమే దండగ. వేసిన డ్రెస్సే రెండోసారి వేస్తే ఎవరైనా గుర్తుపడతారేమో అని కూడా కొందరు అడుగుతుంటారు. వేలమంది ఉండే ఓడలో ఎవరూ గుర్తుపట్టరు. రోజూ అదే టేబుల్, అదే సమయం అని ఫిక్స్‌డ్ డైనింగ్ తీసుకుంటే మాత్రం పక్కన కూర్చునేవాళ్ళు వారమంతా వాళ్ళే ఉంటారు, వాళ్ళు గుర్తుపట్టినా పట్టించుకోరు, వాళ్ళదీ అదే పెట్టె తిప్పలు కదా.

హీల్స్, అదే చెప్పుల మడమల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. ఓడ కదులుతుంది. ఎక్కువసార్లు తెలియనంత మెల్లగా కదులుతుంది, ఒక్కోసారి అడుగు వేసే లోపు నేల పక్కకి జరిగినట్టు అవుతుంది. సన్న మడమల చెప్పులతో మెట్లు దిగుతూ కాలు మడత పడ్డవాళ్ళని ఓడ ఆసుపత్రికి పంపడం అరుదైన సంగతేం కాదు. బయటి డెక్ మీద చెక్కల మధ్య సందుల్లో ఆ మడమ ఇరుక్కుంటుంది కూడా. వెడల్పు మడమలున్నవో, చదునైనవో తీసుకోండి. ఇంకోటి, డైనింగ్ హాల్లో ఏసీ. బయట ఎంత ఎండ ఉన్నా లోపల చల్లగానే ఉంటుంది, రెండు గంటలు కదలకుండా కూర్చునే భోజనంలో చేతుల్లేని డ్రెస్సు వేసుకున్నవాళ్ళు మధ్యలోకొచ్చేసరికి వణుకుతుంటారు. పల్చటి శాలువా ఒకటి తప్పనిసరిగా తెచ్చుకోండి. గది తాళానికీ, ఓడలో ఖర్చులకీ ఒకటే కార్డు కాబట్టి, జేబుల్లేని డ్రెస్సు అయితే చిన్న పర్సు కూడా కావాలి.

ఏ రాత్రి ఏది అన్నది ముందే ఊహించవచ్చు. మొదటి రాత్రి ఎప్పుడూ మామూలు రాత్రే, కారణం సామాను. రేవులో మీరు అప్పగించిన పెట్టెలు గదులకి చేరేసరికి సాయంత్రం అవుతుంది, కొందరికి డిన్నర్ టైమ్ దాటాక వస్తాయి. అందుకే చేతిసంచిలో ఆ రాత్రికి ఒక ప్యాంటూ షర్టూ పెట్టుకోండి, ఈత బట్టలు కూడా, ఆ మధ్యాహ్నమే కొలను దగ్గరికి వెళ్ళొచ్చు. చివరి రాత్రి కూడా మామూలుదే, అప్పటికి పెట్టెలు సర్ది తలుపు బయట పెట్టేయాలి కదా. పాత రోజుల్లో పెద్ద ఓడల్లో కూడా మొదటి రాత్రికీ చివరి రాత్రికీ ముస్తాబు ఉండేది కాదు. అప్పట్లో పెట్టెల మీద ‘ప్రయాణంలో కావాలి’, ‘ప్రయాణంలో అక్కర్లేదు’ అని వేర్వేరు చీటీలు అంటించేవాళ్ళు, రెండో రకం నేరుగా ఓడ అడుగుకి పోయేవి. ఇప్పుడు చీటీలు మారాయి గానీ సామాను కథ అదే. చివరి రాత్రి పెట్టెలు బయట పెట్టే ముందు మర్నాడు పొద్దున వేసుకునే బట్టలు, బూట్లు పక్కన పెట్టుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. నైట్ డ్రెస్సులోనే ఓడ దిగాల్సి వచ్చిన మనుషుల్ని నా కళ్ళారా చూశాను.

ఫార్మల్ రాత్రులు ఎక్కువగా ఓడ ఏ రేవులోనూ ఆగని రోజుల్లో పెడతారు, చాలాసార్లు అది రెండో రాత్రే అవుతుంది. ఊరంతా తిరిగి, చెమటతో ఐదింటికి ఓడ ఎక్కి, ఐదున్నర డిన్నర్‌కి టై కట్టుకుని రమ్మంటే ఎవరికి ఓపిక ఉంటుంది? మీకు ఫిక్స్‌డ్ డైనింగ్‌లో ముందు బ్యాచా, తర్వాత బ్యాచా అని అడిగితే, తయారవ్వడానికి టైమ్ కావాలనుకుంటే ఎనిమిది, ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉండే రెండోది తీసుకోండి. చిన్నపిల్లలు ఉంటే మాత్రం ముందుదే మేలు. ఆ రోజు డ్రెస్ కోడ్ ఏంటన్నది ఓడ యాప్‌లో, లేదా ముందు రాత్రి గదిలో పెట్టే కార్యక్రమాల కాగితంలో ఉంటుంది. ఎక్కాక అదే చివరి మాట, బుకింగ్ అప్పుడు చదివింది కాదు.

ఇస్త్రీ. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మీ ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళకండి, నిప్పు భయం వల్ల దాదాపు అన్ని ఓడల్లో నిషేధం, ఆవిరితో బట్టల ముడతలు తీసే స్టీమర్లు కూడా చాలా చోట్ల వద్దంటారు. స్కానింగ్‌లో దొరికితే తీసి పెట్టుకుని దిగేటప్పుడు ఇస్తారు, దాని కోసం మీ పెట్టె గదికి రావడం కూడా ఆలస్యమవుతుంది. కార్నివాల్, ప్రిన్సెస్, డిస్నీ, కునార్డ్‌ల చాలా ఓడల్లో ప్రయాణికులు వాడుకునే లాండ్రీ గదులు ఉంటాయి, మామూలుగా అక్కడ ఇస్త్రీ పెట్టె దొరుకుతుంది, ఫార్మల్ నైట్ సాయంత్రం మాత్రం క్యూ ఉంటుంది కాబట్టి పొద్దున్నే చేసుకోండి. రాయల్ కరీబియన్, సెలబ్రిటీలలో ఆ గదులు లేవు, డబ్బిచ్చి ఇస్త్రీ చేయించుకోవాల్సిందే. దీనికంటే తెలివైన పని ముడత పడని బట్టలు సర్దుకోవడం: అల్లిక గుడ్డ, క్రేప్, పల్చటి ఉన్ని ప్యాంట్లు. నారబట్ట, అదే లినెన్, చూడ్డానికి బాగుంటుంది గానీ పెట్టెలోంచి తీశాక దాని వైపు చూడలేం. నలిగిన డ్రెస్సుని బాత్‌రూమ్‌లో తగిలించి వేడి నీళ్ళతో స్నానం చేస్తే చిన్న ముడతలు ఆవిరికి సాగిపోతాయి. ఇంకో చిట్కా, ఓడ గది గోడలు చాలావాటిలో లోహానివి, అయస్కాంతం కొక్కేలు నాలుగు తెచ్చుకుంటే కోటు, శాలువా, సంచీ అన్నీ గోడకే వేలాడదీయొచ్చు. అల్మారా చాలా చిన్నది.

పిల్లల బట్టల గురించి ఎవరూ పట్టించుకోరు, శుభ్రంగా ఉంటే చాలు. థీమ్ రాత్రుల గురించి కంగారు వద్దు, తెల్ల బట్టల రాత్రి, డిస్నీలో సముద్రపు దొంగల రాత్రి లాంటివి పూర్తిగా మీ ఇష్టం. ఒక తెల్ల షర్టు ఎలాగూ పెట్టెలో ఉంది, అదే సరిపోతుంది.

డబ్బు కట్టి వెళ్ళే స్పెషాలిటీ రెస్టారెంట్లలో మాత్రం కొన్ని పెద్ద హాలు కంటే పట్టింపుగా ఉంటాయి, షార్ట్సుతో ఫ్రీస్టైల్ ఓడల్లో కూడా అలాంటి వాటిలోకి రానివ్వకపోవచ్చు. బుక్ చేసేటప్పుడే అడగండి. ఫార్మల్ నైట్ రోజు మెట్ల దగ్గర, లాబీలో ఫొటోగ్రాఫర్లు తెరలు కట్టి నిలబడతారు, ఫొటో దిగడానికి డబ్బు అక్కర్లేదు, ప్రింటు కొనుక్కుంటేనే ఖర్చు. మీ వారు బ్లేజర్ తొడుక్కున్నది ఆ ఒక్క రాత్రే అయితే ఆ గంట వాడుకోండి.

ఇంత చేశాక కూడా తలుపు దగ్గర ఎవరైనా ఆపితే ఏమవుతుందని మీ అసలు భయం కదా. ఏమీ కాదు. పక్కకి పిలిచి, చిన్న గొంతుతో, సార్, దయచేసి ప్యాంటు మార్చుకుని వస్తారా అని అడుగుతారు. గదికి వెళ్ళి మార్చుకుని వచ్చేయండి, మీ టేబుల్ ఎక్కడికీ పోదు. మళ్ళీ వెళ్ళే ఓపిక లేకపోతే పైన బఫే తెరిచే ఉంటుంది.